మజ్జిగ కుండ మీద పలక

నెల రోజుల్లో నాలుగు నవలలు చదివాను. గొప్పకి చెప్పడం లేదు, చదవక తప్పలేదు. ఏలూరులో మా వీధి చివర గ్రంథాలయంలో పనిచేసే అమ్మాయి, ఆదివారం ఆదివారం అక్కడ చేరే మా పదిమందికీ తలా నాలుగు పుస్తకాలు అంటగట్టింది. "మీరు పంతులమ్మగా చేసినవారు కదండీ, ఒక్కోదాని మీదా ఒక పేజీ అభిప్రాయం రాసివ్వండి, గోడకి అంటిస్తాం," అంది. రిటైరైన పంతులమ్మకి ఎవరైనా పని చెప్తే కాదనే ధైర్యం ఉండదు. సరేనన్నాను.

వాటి పేర్లు చెప్పను. రాసినవాళ్ళు బతికే ఉన్నారు. వాళ్ళలో ఒకాయన పొద్దున్నే మా వీధి కొట్టుకి పాలప్యాకెట్టు కోసం వస్తుంటారు.

మొదటిది మూడు తరాల కథ. తలకింద పెట్టుకుంటే దిండు అక్కర్లేదు. మనుషులు బాగున్నారు, వాళ్ళ తగువులు ఇంకా బాగున్నాయి. కానీ ఎవరైనా ఏడవబోయే సమయానికి రచయిత కథ ఆపి ఆకాశం రంగులు చెప్పడం మొదలెడతారు. ఆ పేజీలన్నీ తిప్పేశాను. అభిప్రాయంలో మాత్రం "వర్ణనలు రమణీయం" అని రాశాను. రెండోదాంట్లో హైదరాబాదు ఫ్లాటులో మొగుడూ పెళ్ళాం మూడు వందల పేజీలు మాట్లాడుకోరు. భాషకి వంక పెట్టలేం, కానీ ఇద్దరిలో ఒక్కరి మీదా జాలి కలగలేదు. వేడివేడిగా దిబ్బరొట్టె వేసి చెరో ముక్కా చేతిలో పెడితే ఆ తగువు తీరిపోయేదేమో అనిపించింది. మూడోది హత్య కథ. "అబ్బే, నేనలాంటివి చదవనండీ," అని ఆ అమ్మాయితో అని, ఇంటికి తెచ్చుకుని, ముందు ఆఖరి పేజీ చదివి హంతకుడెవరో తెలుసుకుని, ఆ తర్వాత మొదట్నించీ అన్నం చల్లారిపోయేదాకా చదివాను. ఇంత వయసొచ్చినా ఈ దొంగబుద్ధి పోలేదు.

చిక్కంతా నాలుగోదానితో వచ్చింది. అది మా కొల్లేటి పల్లెల కథ. రాసినావిడ ఎవరో గానీ కొల్లేటిని బాగా ఎరుగును. మొదటి యాభై పేజీలూ ముక్కుకి నాచు వాసన కొడుతూనే ఉంది. అందులో చదువురాని ఒక పెద్దావిడ, ఆవిడకి రోజూ కథలు చదివిపెట్టే ఒక పదకొండేళ్ళ పిల్ల ఉన్నారు. ఆ పిల్ల ఆవిడకి అక్షరాలు దిద్దబెడుతుంది. ఆ వేళ ఆ పిల్ల మనసులో ప్రేమ తప్ప మరేమీ లేదని రాసిందావిడ. నా చేతిలో పెన్సిలుంది. ఆ వాక్యం పక్కన "అబద్ధం" అని రాసేశాను.

రాశాక గానీ గుర్తు రాలేదు. గ్రంథాలయం పుస్తకం! పుస్తకాల్లో గీతలు గీసినందుకు ఎంతమంది పిల్లల్ని బెంచీ ఎక్కించి ఉంటానో. రబ్బరు తెచ్చి చెరిపాను. కాగితం నలిగింది గానీ మాట పూర్తిగా పోలేదు. పుస్తకం మూసి పక్కన పెట్టాను. దాని మీద అభిప్రాయం రాయడానికి నాలుగుసార్లు కూర్చున్నాను, నాలుగుసార్లూ లేచిపోయాను. ఎందుకంటే, అలాంటి పిల్ల ఒకర్తి నాకు బాగా తెలుసు. అది నేనే.

మా ఊరు భీమడోలు నుంచి కొల్లేటి వైపు దిగితే వచ్చేది. ఇప్పుడు అటు వెళ్తే చేపల చెరువులూ, ఐసు నీళ్ళు కార్చుకుంటూ పోయే లారీలూ తప్ప మరేం కనపడవు. అప్పుడు గట్టు దాటితే వరిచేలు, చేలు దాటితే నీళ్ళు. వానలు ముదిరితే ఆ నీళ్ళే చేలల్లోకి వచ్చేసేవి. మగవాళ్ళు దోనెలేసుకుని వెళ్ళి మునిగిపోయిన చేలు చూసి తిరిగొచ్చి, దోనెలు గట్టున బోర్లించేవారు. ఊరంతా తడిగడ్డి వాసన, నాచు వాసన, పెరళ్ళలో పిడకల దాలిలో ఎర్రగా కాగే పాల వాసన. ఆ పాల మీగడ దొంగతనంగా వేలితో తీసి తినడంలో మా వీధి పిల్లల్లో నన్ను మించినవాళ్ళు లేరు.

మా నాన్న రైసుమిల్లులో గుమాస్తా. నవలలంటే ఆయనకి ఒళ్ళుమంట. "నవలలు మరిగిన ఆడపిల్లా, గట్టు తెగిన చేనూ ఒకటే," అనేవారు. ఇంట్లో క్లాసు పుస్తకం కాక మరే అచ్చుకాగితం కనిపించినా పొయ్యిలోకే. నాకేమో అక్షరం కనిపిస్తే చాలు, పకోడీల పొట్లం కాగితమైనా సరే, విప్పి చదవనిదే చెయ్యి ఊరుకునేది కాదు.

ఎదురిల్లు దొడ్డమ్మగారిది. చుట్టరికం ఏమీ లేదు, పిలుపే. నాలుగెకరాల వరి, రెండు గేదెలు. ఆవిడకి అక్షరం ముక్క రాదు. ఆవిడ భర్త పెదనాన్నగారిదీ వేలిముద్రే. అయినా ఆ ఇంటికి ప్రతి వారం వారపత్రిక వచ్చేది. ఆ అలవాటు చేసింది వాళ్ళమ్మాయి, నేను అక్కా అని పిలిచేదాన్ని. మా వీధి ఆడవాళ్ళలో స్కూలు ఫైనలు పాసైంది అక్క ఒక్కర్తే. మధ్యాహ్నం పనులయ్యాక అరుగు మీద కూర్చుని సీరియల్ చదువుతుంటే వీధిలో ఆడవాళ్ళంతా చేటలూ బియ్యం తెచ్చుకుని, రాళ్ళేరుకుంటూ వినేవారు. ఆవిడని నల్లజర్ల ఇచ్చారు. అదీ మా మేనత్త ఉండే వీధిలోకే. అక్క వెళ్ళిపోయాక పత్రిక మానెయ్యడానికి దొడ్డమ్మగారికి మనసొప్పలేదు. పెదనాన్నగారు గురువారం గురువారం సైకిలేసుకుని భీమడోలు స్టేషనుకి వెళ్ళి, ప్యాసింజర్లో దిగే పత్రిక తెచ్చేవారు. చదివే ఉద్యోగం నాకు పడింది.

అబ్బ, ఏం దర్జా నాది! అరుగు మీద బల్ల నాకే. చుట్టూ పెద్దవాళ్ళు, నేను నోరు విప్పేదాకా ఎవరూ మాట్లాడరు. చదవడం అవగానే దొడ్డమ్మగారు ఏదో ఒకటి చేతిలో పెట్టేది. చలిమిడో, తేగలో, నా అదృష్టం బాగుంటే దిబ్బరొట్టె మీద చెరకు పానకం పోసో. నాకు బద్ధకం వేసిన రోజున వర్ణనలన్నీ ఎగరగొట్టేసి, మాటలున్న చోట మాత్రం చదివేదాన్ని.

"ఇదేవిటే, ఈ వారం ఇంత చిన్నగా ఉందీ?" అనేది దొడ్డమ్మగారు.

"రాసినావిడకి జ్వరం వచ్చిందటండీ."

"అయ్యో పాపం!" అని అందరూ నొచ్చుకునేవారు. ఒకావిడైతే మిరియాల కషాయం తాగమని పత్రికకి ఉత్తరం రాయించమంది.

నెలాఖరుకి దొడ్డమ్మగారు సీరియల్ పేజీలు జాగ్రత్తగా విడదీసి, వరసగా పేర్చి, దబ్బనంతో పురికొస కుట్టేది. పాత శుభలేఖ అట్టగా వేసి, ఉడకేసిన పిండి జిగురులో పురుగు పట్టకుండా మయిలుతుత్తం కలిపి అంటించేది. ఆవిడ వేళ్ళు రెండు రోజులు నీలంగా ఉండేవి. చదవలేని మనిషి, ఒక్క పేజీ ముందూ వెనకా కాకుండా ఎలా పేర్చేదో నాకిప్పటికీ ఆశ్చర్యమే. బొమ్మలు గుర్తుపెట్టుకుంటానని చెప్పేది.

అక్క కార్డు రాసినా చదివేది నేనే. "ఇక్కడ అందరం క్షేమం. అక్కడ మీరు క్షేమమని తలుస్తాను. ఎర్రగేదె ఈనిందా?" అంతే, ఎప్పుడూ ఇంతకి మించి ఉండేది కాదు. ఎందుకు ఉంటుంది? నేను చదివిన మాట సాయంత్రానికి మా అమ్మ చెవిలో, పై వారానికి నల్లజర్లలో మా మేనత్త చెవిలో పడేది. నాకు నోట్లో నువ్వుగింజ నానేది కాదు.

ఆషాఢంలో పుట్టింటికొచ్చి నెల్లాళ్ళున్న అక్క, తిరిగి వెళ్తూ వాళ్ళమ్మతో ఒక మాట చెప్పిందట. ఆ మాట దొడ్డమ్మగారే నాతో అంది. "నువ్వు చదవడం నేర్చుకో అమ్మా, అందరూ వినేవి కార్డు మీద రాస్తాను, నువ్వొక్కదానివే వినాల్సినవి ఉంటాయి కదా, అవి ఎలా రాయనూ అందే. నాకు అక్షరాలు చెప్తావా అమ్మడూ?"

చెప్తాననే అన్నాను. ఆవిడ భీమడోలు నుంచి పలకా బలపాలూ తెప్పించుకుంది. ఎవరైనా చూసి నవ్వుతారని గేదెల పాక వెనక, గడ్డిమేటు చాటున కూర్చునేవాళ్ళం. నలభై దాటిన మనిషి పలక ఒళ్ళో పెట్టుకుని, నాలిక పంటికింద పట్టుకుని దిద్దుతుంటే నాకు నవ్వొచ్చేది. ఆ నవ్వు మూడు రోజుల్లో ఆరిపోయింది. మూడు రోజుల్లో అ నుంచి ఊ దాకా చూడకుండా రాసేసింది. మా క్లాసులో సగంమందికి అదే నెల పట్టింది. నాలుగోనాడు పత్రిక అట్ట మీద వేలుపెట్టి, "ఇది 'ఇ' కదూ," అంది. అవును, అది 'ఇ'యే.

ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. ఈవిడకి చదవడం వచ్చేస్తే నేనెందుకు? బల్ల పోతుంది, దిబ్బరొట్టె పోతుంది, అన్నిటికీ మించి సీరియల్ పోతుంది. మా ఇంట్లో పత్రిక ముట్టుకోనివ్వరు. కథ మధ్యలో ఆగిపోతే నేను బతకలేననిపించింది. పదకొండేళ్ళ బుర్ర కదా అని సర్దిచెప్పుకుందామని చాలాసార్లు చూశాను. కానీ ఆ బుర్ర ఎంత తెలివిగా పనిచేసిందో నాకు గుర్తుంది. అందుకే సర్దిచెప్పుకోలేను.

ఊ తర్వాత వచ్చేవి ఋ ౠ ఌ ౡ. మొదటిది అడపాదడపా కనిపిస్తుంది. చివరి రెండూ నేను పుట్టి బుద్ధెరిగాక ఏ పత్రికలోనూ చూడలేదు. అవి బళ్ళో దిద్దించి వదిలేసేవే తప్ప ఒక్క మాటలోనూ రావు. ఆ సంగతి నాకు తెలుసు.

"ఇవి నాలుగూ కళ్ళు మూసుకుని రాసేదాకా ముందుకి వెళ్ళకూడదండీ. మా మాస్టారు చెప్పారు," అన్నాను.

"ఏ మాటల్లో వస్తాయే ఇవి? వంకరటింకరగా ఉన్నాయి."

"పెద్ద పెద్ద మాటల్లోనండీ. ఇప్పుడు చెప్పినా మీకు తెలియవు."

పాపం, నమ్మింది. నెలల తరబడి ఆ నాలుగే దిద్దింది. బాగా వచ్చిన రోజున "తోక వంకర పోయిందండీ" అని చేత్తో తుడిపేసేదాన్ని. ఆవిడ మళ్ళీ మొదలెట్టేది. పేడ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, పలకని కళ్ళకద్దుకుని మరీ కూర్చునేది.

కార్తీకంలో, కోతలింకా మొదలుకాక ముందు, పోస్టుమాను కార్డు కాదు, అంటించిన కవరు తెచ్చిచ్చాడు. అక్క దస్తూరీయే. నేను మామూలుగా చెయ్యి చాపాను. దొడ్డమ్మగారు కవరు గుండెకి అదుముకుంది.

"ఇది వద్దమ్మడూ. నేను నేర్చుకుంటున్నానని కబురంపాను కదా, అది నిజంగానే రాసేసింది. ఇది నేనే చదువుకోవాలి." తర్వాత నా గడ్డం పట్టుకుంది. "ఇంకెన్నాళ్ళు పడుతుందే? నిజం చెప్పు."

ఆ వారం సీరియల్లో కథానాయిక రైలు పట్టాల దాకా వెళ్ళి ఆగింది. తర్వాత ఏమవుతుందో నాకు తెలిసి తీరాలి. "మాఘమాసం దాకా పడుతుందండీ," అన్నాను.

"అంతా?" అంది. ముఖం చిన్నబోయింది. "పోనీ, ఈ నాలుగూ వదిలేసి తర్వాతవి చెప్పకూడదటే? ఉత్తరం చదువుకున్నాక మళ్ళీ వెనక్కొచ్చి ఇవి నేర్చుకుంటాను."

"మధ్యలో వదిలేస్తే ముందువి కూడా మర్చిపోతారండీ."

ఆవిడ లేచింది. కవరు తీసికెళ్ళి కుట్టిన సీరియల్ పుస్తకం పేజీల మధ్య పెట్టింది. ఊళ్ళో చదువొచ్చినవాళ్ళంతా మగవాళ్ళే, వాళ్ళనెలా అడుగుతుంది? పైగా కూతురు తననే చదువుకోమంది. ఆ రోజు నాకు దిబ్బరొట్టె పెట్టింది. తిన్నాను. పానకం ఇంకొంచెం పొయ్యమని అడిగి మరీ తిన్నాను.

తర్వాత ఎన్నోసార్లు చూశాను. నేను వెళ్ళేసరికి ఆవిడ కవరు చేతిలో పట్టుకుని, పైనున్న చిరునామాలో తనకి తెలిసిన అక్షరం ఎక్కడైనా ఉందేమోనని వెతుక్కుంటూ ఉండేది. నన్ను చూసి గబుక్కున దాచేసేది. సిగ్గుపడాల్సింది తనే అన్నట్టు.

కోతలయ్యాక అక్కా బావగారూ వచ్చారు. ఆకివీడులో ఎవరిదో పెళ్ళికి వెళ్తూ ఒక్క పూట ఆగారు. బావగారు అరుగు మీద కాఫీ తాగుతున్నారు. నేను లోపల గుమ్మం దగ్గర కూర్చుని జంతికలు తింటున్నాను. అక్క వాళ్ళమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"నా కవరు అందిందా అమ్మా?"

"అందిందమ్మా."

"చదువుకున్నావా?"

దొడ్డమ్మగారు నా వైపు చూసింది. తర్వాత అరుగు మీదున్న అల్లుడి వైపు చూసింది. "ఆఁ," అంది.

అక్క కాసేపు ఏదో వింటానన్నట్టు నిలబడింది. దొడ్డమ్మగారు చీర కొంగు సర్దుకుంది. "సరే అయితే," అని అక్క లోపలికెళ్ళి సంచి సర్దుకుంది. భోజనానికి ఆగమంటే ఆగలేదు. వాళ్ళమ్మ పెట్టిన ఆవకాయ జాడీ బల్ల మీదే వదిలేసి బండెక్కింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ గదిలో నిజం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. "చదవలేదక్కా, కవరు చించనేలేదు," అంటే సరిపోయేది. నోట్లో నువ్వుగింజ నానని దాన్ని, ఆ ఒక్క మాట మాత్రం జంతికతో పాటు నమిలి మింగేశాను.

"అల్లుడుగారు వినేలా నాకు చదవడం రాదని ఎలా చెప్పనే? అది వెళ్ళాక ఎలాగో నేర్చుకుని చదువుదామనుకున్నాను. అందులో ఏం రాసిందో ఏవిటో, దానికి మనసు కష్టమైంది," అంది దొడ్డమ్మగారు సాయంత్రం. మర్నాడు నేను వెళ్ళేసరికి మజ్జిగ కుండ మీద మూతగా పలక ఉంది. ఋ ౠ ఌ ౡ ఇంకా చెరిగిపోలేదు, సగం తడిసి ఉన్నాయి.

"ఇంక ఈ వయసులో నాకెందుకులే అమ్మడూ. నా బుర్రకెక్కలేదు. పాపం, నువ్వు చాలా కష్టపడ్డావు," అని నాలుగు సున్నుండలు కాగితంలో చుట్టి ఇచ్చింది. ఇంటి వెనక నిలబడి నాలుగూ తినేశాను. కాగితానికి అంటిన నెయ్యి కూడా నాకేశాను.

సీరియల్ మాఘంలో అయిపోయింది. ఆ కథానాయిక ఏమైందో ఇప్పుడు ఎంత తలచుకున్నా గుర్తురావడం లేదు.

మరుసటేడు నాన్న ఏలూరు మిల్లుకి మారారు. నేను అక్కడే చదివి, అక్కడే టీచరు ట్రైనింగయ్యాను. ముప్పై ఏళ్ళు పిల్లలకి అక్షరాలు దిద్దబెట్టి జీతం తిన్నాను. నా క్లాసులో ఆ నాలుగక్షరాలూ అన్నిటికన్నా ఆఖర్న చెప్పేదాన్ని. ఒకసారి తనిఖీకి వచ్చినాయన ఇదేం పద్ధతమ్మా అంటే, పిల్లలకి తేలికని చెప్పాను. దొడ్డమ్మగారు పోయిందని కబురొచ్చినప్పుడు పరీక్షల డ్యూటీ ఉందని వెళ్ళలేదు. డ్యూటీ ఉన్న మాట నిజమే. అడిగితే వదిలేవారు.

నాలుగో నవల ఇంకా నా దగ్గరే ఉండిపోయింది. మొన్న మంగళవారం దాన్ని సంచిలో పెట్టుకుని తాడేపల్లిగూడెం ప్యాసింజరెక్కాను. అక్క అక్కడ చిన్నకొడుకు దగ్గర ఉంటోందని మా మేనత్త కొడుకు చెప్పాడు. భీమడోలులో రైలాగితే, కిటికీలోంచి ప్లాట్‌ఫారం వైపు చూడలేక సంచిలో ఏదో వెతుక్కుంటున్నట్టు కూర్చున్నాను.

ఉల్లిపాయల మార్కెట్టు వెనక ఇల్లు. వీధంతా ఉల్లి ఘాటు. అక్కకి ఎనభై దగ్గర పడుతున్నాయి. రెండు కళ్ళూ బాగా మసకబారాయి. గొంతు విని పోల్చుకుంది.

"నువ్వటే! ఎదురింటి పిల్లవి కదూ! ఇలా దగ్గరికి రా."

కాఫీలయ్యాయి, మోకాళ్ళ నొప్పులయ్యాయి. సంచిలోంచి నవల తీసి పేరు చెప్పాను.

"అదా! మా మనవరాలు చదివిపెట్టింది. అదీ నీలాగే పేజీలు ఎగరగొట్టేస్తుంది, నాకు తెలిసిపోతుందిలే." నవ్వింది. "కొల్లేరు బాగా రాసింది. ఆ పెద్దావిడే మరీ మంచిది. ఎవరేం చేసినా నవ్వుతూ ఉంటుందేవిటే? మా అమ్మకైతే కోపం వచ్చేది."

"దొడ్డమ్మగారికి నా మీద రాలేదక్కా. రావాల్సింది."

అని మొదలెట్టి మొత్తం చెప్పేశాను. నాలుగక్షరాల సంగతీ, మాఘమాసం సంగతీ, గుమ్మం దగ్గర జంతికలు తింటూ నోరు మూసుకున్న సంగతీ. ఒక్కటీ ఎగరగొట్టలేదు. చెప్తున్నంతసేపూ కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను, ఉల్లి ఘాటు వంక కూడా చెప్పుకోలేదు.

అక్క చేత్తో తడుముకుని కాఫీ గ్లాసు పక్కకి జరిపింది.

"అమ్మ చదివి ఊరుకుందనుకున్నాను," అంది. "అమ్మ పోయేదాకా అలాగే అనుకున్నాను. వచ్చినప్పుడల్లా ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుని వెళ్ళిపోయేదాన్ని. దినకార్యాలయ్యాక పెట్టె సర్దుతుంటే కవరు కనపడింది. అంటించింది అంటించినట్టే ఉంది. అప్పుడు నా ప్రాణం ఎలా కొట్టుకుందో ఎవరికి చెప్పనూ. చదవలేకపోయావా అమ్మా అని అడగడానికి మనిషి లేదు కదా."

"ఏం రాశారక్కా అందులో?"

"మంచం కింద ఇనప్పెట్టె ఉంది. తియ్యి."

తీశాను. శుభలేఖ అట్ట, పురికొస కుట్టు, అక్కడక్కడా తుత్తం నీలం మరకలు. పుస్తకం దానంతటదే కవరున్న చోట తెరుచుకుంది. అన్నిసార్లు తెరిచారన్నమాట.

"రాసిందాన్ని నేనే కదా అని నేనూ చించలేదు. చించు. చదువు."

"నేనా అక్కా?"

"ఇంకెవరున్నారే ఇక్కడ? ఆ రోజు ఎగరగొట్టిందంతా కలిపి చదువు."

చించాను. పాతబడ్డ జిగురు పొడిగా రాలింది. చదివాను.

"అమ్మా, ఇది నువ్వే చదువుకుంటున్నావు కదూ. పక్కన ఎవరూ లేరు కదూ. ఉంటే ఇక్కడే ఆపేసి, ఎవరూ లేనప్పుడు చదువుకో."

అక్కడ ఆగాను. అక్క చెయ్యి ఊపింది, కానిమ్మన్నట్టు.

"నాకు ఏలూరులో టీచరు ట్రైనింగులో చేరాలని ఉంది. మార్కులు సరిపోతాయి. నెలాఖరులోగా నేను స్వయంగా వెళ్ళి కాగితాలివ్వాలి. ఇక్కడ అడిగితే అత్తయ్యగారు సాగనివ్వరు. నీకు ఒంట్లో బాగోలేదని చెప్పి నాన్నని పంపించు. ఒక్కసారి చేరిపోతే మీ అల్లుడుగారు కాదనరు, ఆయన మంచివారే. ఎవరికీ చెప్పకు. ఎదురింటి పిల్ల చేత చదివించకు, దానికి నోరాగదు. నీకు ఇష్టం లేకపోతే నాన్నని పంపించకు, నేనేమీ అనుకోను. నువ్వే చదువుకుని, నీకు తోచింది చెయ్యి. నువ్వు చదువుతున్నావని తలచుకుంటేనే నాకు ఎంతో ధైర్యంగా ఉంది."

నేను చేరిన ట్రైనింగు. నేను తిన్న ముప్పై ఏళ్ళ జీతం.

కాగితం ఒళ్ళో పెట్టుకున్నాను. అక్క వేళ్ళు ముడుచుకుంటూ అడిగింది.

"తారీఖు వేశానా?"

వేసింది. చెప్పాను.

"అంటే పోస్టులో రెండ్రోజులు తీసేస్తే, అమ్మ చేతికొచ్చేసరికి ఇంకా ఇరవై రోజులుంది." ఆవిడ ముఖం నా వైపు తిప్పింది. కళ్ళు నా మీద కాదు, కొంచెం పక్కకి ఉన్నాయి. "ముప్పై ఏళ్ళు పంతులమ్మగా చేసినదానివి, నిజం చెప్పు. ఆ నాలుగూ వదిలేసి చెప్పుంటే, ఇరవై రోజుల్లో అమ్మకి ఈ ఉత్తరం చదవడం వచ్చేదంటావా?"

రాదంటే ఆవిడకి కొంచెం ఊరటగా ఉండేది. నాకు చాలా ఊరటగా ఉండేది.

"వచ్చేదక్కా," అన్నాను.